చలనచిత్ర సంఘం వార్షిక నివేదిక: మారియో సొఫిచి సినిమాలతో ఒక ఏడాది

గౌరవనీయులైన సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

ఏటా ఈ సమావేశంలో పన్నెండు నెలల ప్రదర్శనల పట్టికను వరుసగా చదివి, జమాఖర్చులకు ఆమోదం తీసుకుని, భోజనాలకు లేవడం మనకు అలవాటు. ఈసారి పట్టిక చిన్నది. నెలకొక దేశం చొప్పున సినిమాలు చూసే పద్ధతిని ఒక ఏడాదిపాటు పక్కనబెట్టి, ఒకే దర్శకుడి పనిని దొరికినంత మేరకు వరుసలో చూద్దామని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఆ దర్శకుడు అర్జెంటీనాకు చెందిన మారియో సొఫిచి. అందువల్ల ఈ నివేదికలో ఎక్కువ భాగం ఆయన గురించే ఉంటుంది. జమాఖర్చుల పత్రాన్ని విడిగా జతచేశాం.

ఈ ఎంపికపై మొదట్లో అభ్యంతరాలు వచ్చిన మాట దాచనక్కర్లేదు. పాత అర్జెంటీనా సినిమా అనగానే మన సభ్యుల్లో చాలామందికి గుర్తొచ్చేది 1957లో కాన్ చిత్రోత్సవానికి వెళ్లిన దర్శకుడు లియొపోల్దో తోరె నిల్సన్. ఏ సన్నివేశం చూసినా అది ఆయనదేనని పోల్చుకోవచ్చు. సొఫిచి ఆ కోవకు చెందినవారు కారు. స్టూడియో ఏ పని అప్పగిస్తే ఆ పని చేస్తూ, పాటల ప్రేమకథలు, హాస్య చిత్రాలు, నవలల అనుసరణలు అన్నీ కలిపి నలభైకి దగ్గరగా సినిమాలు తీసిన వృత్తి దర్శకుడు ఆయన. దర్శకత్వంతోపాటు స్క్రీన్‌ప్లే రాశారు, నటించారు. అలాంటివారికి ఏడాదంతా కేటాయించడం దేనికని అడిగిన సభ్యులకు కార్యవర్గం చెప్పిన జవాబు ఒక్కటే: స్టూడియో కొలువులో ఉంటూనే ఆయన కూలి, అప్పు, బాకీ అనేవాటిని తెరమీదికి కథావస్తువుగా తెచ్చారు, అది ఎలా సాధ్యమైందో తెలియాలంటే గొప్ప చిత్రాలతోపాటు మామూలు చిత్రాలను కూడా కూర్చుని చూడాలి.

సొఫిచి 1900లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పుట్టారు. చిన్నతనంలోనే కుటుంబంతో అర్జెంటీనా చేరి మెందోసాలో పెరిగారు, నాటక సమాజాల్లో నటుడిగా కుదురుకున్నారు. ఇంటిపేరు ఇటాలియన్‌ది కావడంతో మన కరపత్రాల్లో 'సొఫిసి' అనే రాత మానేసి 'సొఫిచి' అనే ఖాయం చేశాం. ఈ ఒక్క అక్షరం మీద కార్యవర్గ సమావేశం ఒకటి దాదాపు పూర్తిగా ఖర్చయిందని కూడా సభ్యులకు తెలియాలి. 1931లో హొసె అగుస్తీన్ ఫెరెయ్రా తీసిన 'మున్యెకీతాస్ పోర్తెన్యాస్'లో ఆయన నటించారు. ఫిల్ముతోపాటు గ్రామఫోను పళ్లేలను తిప్పి శబ్దం వినిపించిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. ఫిల్ము మీదే శబ్దాన్ని ముద్రించే పద్ధతితో అక్కడ అసలైన టాకీ పరిశ్రమ మొదలైంది 1933లో. ఆ ఏడాది ఏప్రిల్‌లో అర్హెంతీనా సోనో ఫిల్మ్ సంస్థ 'టాంగో'ను, మరుసటి నెలలో లూమితోన్ సంస్థ 'లోస్ త్రెస్ బెర్రెతీనెస్'ను విడుదల చేశాయి. బ్యూనస్ ఎయిర్స్ శివారులోని మున్రోలో లూమితోన్‌ను కట్టినవారు సినిమావాళ్లు కారు. 1920లో ఒక నాటకశాల పైకప్పు మీద యంత్రం పెట్టి సంగీత రూపకాన్ని నగరమంతటికీ ప్రసారం చేసిన రేడియో మిత్రులు.

అంటే సొఫిచి దర్శకుడిగా అడుగుపెట్టే నాటికి టాకీ పరిశ్రమకు రెండేళ్లు. జనాన్ని థియేటరుకు రప్పించేది టాంగో పాట. 1935లో ఆయన తీసిన 'ఎల్ అల్మా దెల్ బందోనెయోన్' కూడా ఆ దారిలో నడిచినదే. లిబెర్తాద్ లమార్కె నాయికగా నటించిన ఆ కథ మనవాళ్లలో చాలామందికి నచ్చలేదు, నాకు కూడా అంతంతమాత్రమే. అయితే ఎన్రీకె సాంతోస్ దిసెపొలో ఈ చిత్రం కోసం రాసిన 'కంబలాచె' పాట నేటికీ అర్జెంటీనాలో వినిపిస్తోంది. మంచికీ చెడుకూ తేడా లేకుండా అన్నీ ఒకే పాత సామాను కొట్టులో కలగలిసి పడి ఉన్నాయని లోకాన్ని నిందించే పాట అది. కథకు అంటని ఆ చేదు వచ్చి పాటలో చేరింది.

1937 నాటి 'వియెంతో నోర్తె'తో ఆయన నగరం వదిలి సరిహద్దు మైదానాలకు వెళ్లారు. అక్కడి నుంచి మూడేళ్లు ఆయన వృత్తిలో బలమైన కాలం. మన ఏడాదిలో కూడా సగం సమయం ఆ మూడేళ్లకే పట్టింది.

'కిలోమెత్రో 111' 1938 నాటిది. హాస్యనటుడు పెపె ఆరియాస్ ఇందులో ఒక చిన్న రైల్వేస్టేషను మాస్టరు. పంట చేతికొచ్చినా రైతుల దగ్గర రవాణా ఛార్జీ కట్టే డబ్బు ఉండదు. డబ్బు లేదు కాబట్టి ధాన్యాన్ని దళారి చెప్పిన ధరకే స్టేషన్లో తెగనమ్ముకోవాలి. మాస్టరు జాలిపడి, ఛార్జీ తర్వాత కట్టండని చెప్పి వ్యాగన్లు నింపనిస్తాడు. కంపెనీ అతని ఉద్యోగం తీసేస్తుంది. ఆ రోజుల్లో అర్జెంటీనా రైళ్లు చాలావరకు బ్రిటిష్ కంపెనీల చేతిలో ఉండేవి, 1948లో గానీ ప్రభుత్వపరం కాలేదు. కాబట్టి నవ్వించే సినిమాలో కంపెనీ అన్న మాట వచ్చిన ప్రతిచోటా అక్కడి ప్రేక్షకుడికి అదెవరో తెలుసు. ప్రదర్శన తర్వాత, గూడ్సు బుకింగులో పనిచేసి రిటైరైన మన సభ్యులొకరు లేచి, రశీదు మీద 'పెయిడ్' అని రాస్తే ఏమిటో, 'టు పే' (ఛార్జీ తర్వాత కట్టాలి) అని రాస్తే ఏమిటో, రెండోది రాసే అధికారం ఎవరికి ఎంతవరకు ఉండేదో పావుగంటసేపు వివరించారు. సినిమాలోని సంఘర్షణ అంతా ఆ రశీదులోనే ఉందని మాకు అప్పుడు బోధపడింది. ఏడాది మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయిన చర్చ అది.

1938, 1939 సంవత్సరాల్లోనే గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల', 'రైతుబిడ్డ' తీశారని ఆ రోజు మరొకరు గుర్తుచేశారు. వీరి పని వారికి, వారి పని వీరికి తెలిసే వీలు లేదు కాబట్టి పోలికను సాగదీయడం నాకిష్టం లేదు. ఏళ్లు కలిశాయని మాత్రం నమోదు చేస్తున్నాను.

ఇక 'ప్రిసియోనెరోస్ దె లా తియెర్రా'. 1939 నాటి ఈ చిత్రానికి మన తెలుగు ఉపశీర్షికల్లో 'మట్టికి బందీలు' అని పేరు పెట్టాం. అర్జెంటీనా ఈశాన్య మూలన ఉన్న మిసియోనెస్ అడవుల్లో, పరానా నది పైభాగంలో, మాతె ఆకు కోసే కూలీల కథ ఇది. ఆ ఆకును మన టీలా కాచి తాగుతారు. ఉరుగ్వేలో పుట్టి మిసియోనెస్‌లో చాలాకాలం నివసించి, 1937లో ప్రాణం తీసుకున్న రచయిత ఒరాసియో కిరోగా కథల నుంచి, ఆయన కుమారుడు దారియో కిరోగా, ఉలీసెస్ పెతీ దె ముర కలిసి స్క్రీన్‌ప్లే సిద్ధం చేశారు. ఛాయాగ్రాహకుడు పాబ్లో తబెర్నెరో నాజీల కాలంలో జర్మనీ విడిచి స్పెయిన్‌కు, అక్కడి అంతర్యుద్ధం నుంచి బయటపడి అర్జెంటీనాకు చేరిన శరణార్థి. అసలు పేరు వదులుకుని స్పానిష్ పేరు పెట్టుకున్నారు.

ఉపశీర్షికల బృందానికి ఎక్కువ ఇబ్బంది పెట్టిన మాట 'మెన్సూ'. నెలజీతగాడు అని దాని మూలార్థం. వాస్తవంలో నెలజీతం ఎన్నడూ అతని చేతికి రాదు. పొసాదాస్ పట్టణంలో ఒప్పందం మీద సంతకం చేయించుకుని కొంత డబ్బు ముందుగా ఇస్తారు; కిరోగా కథలో కూలీలు ఆ డబ్బును అత్తరు సీసాల మీద, ఆడవాళ్ల మీద నాలుగు రోజుల్లో ఊదేసి, మళ్లీ పడవెక్కి అడవికి పోతారు. ఆ ముందస్తు సొమ్ము తీరేదాకా పని, తీరేలోపే కొత్త బాకీ. దీనికి 'బయానా' అని ఒకరు, 'వెట్టి' అని ఒకరు సూచించారు. వెట్టిలో డబ్బు చేతులు మారదు, బయానా భూమి బేరాలకు వాడే మాట, రెండూ అతకలేదు. చివరకు పాలమూరు వలస కూలీలు మేస్త్రీ దగ్గర తీసుకున్న సొమ్మును 'అడ్వాన్సు' అంటారని మహబూబ్‌నగర్ వైపు సభ్యులొకరు చెప్పడంతో అదే ఖాయమైంది. 'మెన్సూ'ను మాత్రం మార్చకుండా అలాగే ఉంచాం.

ఈ చిత్రం తొలి ప్రదర్శన సరిగా జరగలేదని ఒప్పుకోవాలి. ఉపశీర్షికల్ని సెకనుకు ఇరవై అయిదు ఫ్రేముల ప్రతికి సిద్ధంచేసి, ఇరవై నాలుగు ఫ్రేముల ప్రతిని ఆడించాం. మొదట్లో ఎవరూ గమనించలేదు. గంట గడిచేసరికి తేడా రెండు నిమిషాలు దాటి, మత్తులో మతి చలించిన డాక్టరు పలవరింతలు తెర మీదికి రాకముందే అతని మాటలు వచ్చి వెళ్లిపోయాయి. ఆ మైకంలోనే అతను కన్నకూతురిని చంపుతాడు. ఆ చోట హాల్లో ఎవరో నవ్వారు, అది వారి తప్పు కాదు. కొలత సరిచేసి పదిహేను రోజుల తర్వాత మళ్లీ ప్రదర్శించాం, రెండోసారి ఎవరి నుంచీ రుసుము తీసుకోలేదు.

రెండోసారి చూసినప్పుడు గాని చిత్రంలోని కొరడా సన్నివేశం ఎలా కూర్చారో తెలియలేదు. ఫ్రాన్సిస్కో పెత్రోనె పోషించిన యజమాని కోనెర్ భారీ మనిషి, అహంకారి, పిరికివాడు కాడు. ఆంహెల్ మగాన్యా పోషించిన కూలీ పొదెలెయ్ అతని కొరడానే అతని మీద ఝళిపిస్తూ, నది ఒడ్డుదాకా పశువును తోలినట్టు తోలుకుపోతాడు. దెబ్బ తింటున్నవాడే కొడుతున్నవాడి కంటే పొడగరి. బలమైనవాడిని బలహీనుడు కొట్టినప్పుడు సినిమాల్లో సాధారణంగా వచ్చే విజయోత్సాహం ఇక్కడ రాదు. ఒక మనిషి చాలాదూరం వెనక్కి నడుస్తున్నాడు, అంతే. 'సుర్' పత్రికలో అర్జెంటీనా రచయిత బోర్హెస్ ఈ చిత్రం గురించి రాస్తూ ఇంత బలమైన సన్నివేశం తనకు గుర్తులేదన్నారు. అర్జెంటీనా సినిమాలను బోర్హెస్ మెచ్చుకోవడం అరుదు కాబట్టి ఆ మాటను ఇక్కడ ప్రస్తావిస్తున్నాను. బ్యూనస్ ఎయిర్స్‌లోని సినిమా మ్యూజియం 1977లోనూ 1984లోనూ జరిపిన అభిప్రాయ సేకరణల్లో ఈ చిత్రమే దేశపు అత్యుత్తమ చిత్రంగా నిలిచింది.

ఇంత పేరున్న సినిమాను మంచి రూపంలో తిరిగి నిలబెట్టడానికి పారిస్‌లోని సినిమాతెక్ ఫ్రాన్సేజ్‌లోను, ప్రేగ్‌లోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌లోను మిగిలిన ప్రతుల మీద ఆధారపడవలసి వచ్చింది. 2019లో వరల్డ్ సినిమా ప్రాజెక్టు ఆ పని పూర్తి చేసింది. తర్వాత అదే ప్రాజెక్టు పేరుతో వచ్చిన డిస్కుల సంపుటిలో ఈ చిత్రం పక్కనే, మద్రాసు జెమినీ స్టూడియోలో ఉదయశంకర్ తీసిన 'కల్పన' కూడా ఉంది. ఆ సంపుటి ఇప్పుడు మన గ్రంథాలయంలో ఉన్నందువల్ల సభ్యులు రెండూ చూడవచ్చు.

1940ల గురించి తక్కువే చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధంలో అర్జెంటీనా తటస్థంగా ఉన్నందుకు అమెరికా ముడి ఫిల్ము సరఫరాను తగ్గించి, మెక్సికోకు పెంచింది. ఖండంలో స్పానిష్ సినిమా బజారు చేతులు మారడానికి అది ముఖ్య కారణం. 1945లో సొఫిచి తీసిన 'లా కబల్గాతా దెల్ సిర్కో' చిత్రీకరణలో లమార్కెకూ, అప్పటికి చిన్న నటి అయిన ఎవా దువార్తెకూ పడలేదన్నది ప్రసిద్ధ కథ. చెంపదెబ్బ పడిందన్న పుకారును లమార్కె ఎప్పుడూ ఒప్పుకోలేదు. చర్చలో సగం సమయాన్ని ఈ చెంపదెబ్బే మింగేసింది, అందుకు అధ్యక్షస్థానంలో ఉన్న నేనే బాధ్యుణ్ణి. అసలు చెప్పుకోవలసినది దాని తర్వాతి చిత్రం 'లా ప్రోదిగా' సంగతి. ఎవా నాయికగా సొఫిచి దాన్ని పూర్తిచేసేసరికి ఆమె రాజకీయ నాయకుడు హువాన్ పెరోన్ భార్య అయింది, మరుసటి ఏడాది దేశాధ్యక్షుడి భార్య అయింది. చిత్రం విడుదల కాలేదు. జనం దాన్ని చూసింది 1984లో. అప్పటికి ఎవా చనిపోయి ముప్ఫై రెండేళ్లు, సొఫిచి చనిపోయి ఏడేళ్లు.

1951లో, ఒకే మనిషి మంచి డాక్టరుగానూ దుర్మార్గుడిగానూ మారే జెకిల్, హైడ్ కథను తానే దర్శకుడిగా, తానే ఆ జంటపాత్రధారిగా తీశారు. మేకప్ గురించి మనవాళ్లు హాస్యమాడారుగాని, తెరమీద సొఫిచిని నటుడిగా చూడటానికి అది మంచి అవకాశం.

ఏడాది చివర చూసిన 'రొసౌరా ఆ లాస్ దియెస్' అందరి మెప్పూ పొందింది. తపాలా పొదుపు సంస్థలో గుమాస్తాగా పనిచేస్తూ మార్కో దెనెవి 1955లో రాసిన నవలకు, నవలాకారుడితో కలిసి సొఫిచి స్క్రీన్‌ప్లే రాసి 1958లో తీశారు. అది ఆ ఏడాది కాన్ పోటీలో ప్రదర్శితమైంది. పాత చిత్రపటాలు బాగుచేసే పిరికి మనిషి కమీలో కనెగాతో ఒక సత్రపు ఇంట్లో అద్దెకుంటాడు. అతనికి అత్తరు వాసన వేసే గులాబీరంగు కవర్లలో రొసౌరా అనే అమ్మాయి ప్రేమలేఖలు వస్తుంటాయి. ఇంటి యజమానురాలు మిలాగ్రోస్ వాటిని తెరిచి చదువుతుంది, తన కూతుళ్లకూ చెబుతుంది. ఉత్తరాలు కమీలో తనకు తానే రాసుకున్నవి. ఒక రాత్రి పది గంటలకు తలుపు తట్టిన శబ్దమవుతుంది. బయట నిలబడ్డ స్త్రీ తన పేరు రొసౌరా అంటుంది. ఆ తర్వాత హత్య, పోలీసుల ముందు ఒక్కొక్కరి వాంగ్మూలం, ప్రతి వాంగ్మూలంలోనూ కమీలో వేరే మనిషి. ఇరవై ఏళ్ల కింద స్టేషను మాస్టరును ఎలా చూశారో, ఈ కమీలోను కూడా సొఫిచి అలాగే చూశారు: బతుకుతెరువు ఏమిటి, ఉండే గదికి అద్దె ఎంత, ఎవరి దయమీద ఆ గదిలో ఉన్నాడు.

1955లో పెరోన్ ప్రభుత్వం కూలిన తర్వాత స్టూడియోలు చితికిపోయాయి, 1957 నాటి చట్టంతో ప్రభుత్వ చలనచిత్ర సంస్థ ఏర్పడింది, కొత్త తరం వచ్చింది. సొఫిచి 1960ల మొదట్లోనే దర్శకత్వం మానుకున్నారు. 1973లో అదే ప్రభుత్వ సంస్థకు నాయకత్వం వహించి, 1977 మే నెలలో బ్యూనస్ ఎయిర్స్‌లో మరణించారు.

మిగిలిన పనుల విషయానికి వస్తే, 'కిలోమెత్రో 111' తెలుగు ఉపశీర్షికలు సగంలో ఆగి ఉన్నాయి. ప్రదర్శన రోజున మొదటి సగానికే తెలుగు ఉండి, రెండో సగాన్ని మైకులో చదివి నెట్టుకొచ్చామని హాజరైనవారికి గుర్తుండే ఉంటుంది. వ్యాగన్లు, సైడింగు, ధాన్యం తూకం, సరుకు రశీదుల భాష తెలిసిన సభ్యులు ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు సంఘం గదికి రావలసిందిగా కోరుతున్నాం. గూడ్సు బుకింగు పెద్దాయన వస్తామని ఇప్పటికే మాటిచ్చారు.

భవదీయుడు,
కార్యదర్శి