స్టవ్ కంటే ముందు చిమ్నీ సంగతి చూడాలి

సంపాదకులకు,

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో పాత ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లకు, ఫైర్‌ప్లేస్ బదులు కట్టెల స్టవ్ పెట్టుకోమని మీ ప్రవాస పేజీలో ఇచ్చిన సలహా మంచిదే. కానీ "స్టవ్‌ను ఫైర్‌ప్లేస్ గూటి ముందు నిలబెట్టి, దాని గొట్టాన్ని పాత చిమ్నీలోకి దూర్చేస్తే సరి" అన్న వాక్యాన్ని అలా వదిలేయడానికి లేదు. ఇళ్లు అంటుకునేది అక్కడే.

సలహా మంచిదని ఎందుకంటున్నామంటే, తెరిచి ఉన్న ఫైర్‌ప్లేస్ చూడ్డానికి బాగుంటుందే తప్ప ఇంటిని వెచ్చబెట్టదు. గంటకు 24,000 ఘనపుటడుగుల దాకా గది గాలిని అది పైకి లాగేస్తుందని అమెరికా ఇంధన శాఖే చెబుతుంది. పోయిన గాలి స్థానంలోకి కిటికీ సందుల్లోంచి చలిగాలి వస్తుంది. మంట ముందు కూర్చున్నవాళ్లకు మొహం కాలుతుంటే వెనక పడగ్గది చల్లబడుతుంటుంది. మూత తలుపున్న స్టవ్ అలా కాదు, గాలిని కొలిచి తీసుకుంటుంది. 2020 మే 15 నుంచి అమ్మే స్టవ్‌లు గంటకు 2 గ్రాములకు మించి పొగ నుసి వదలకూడదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ నిబంధన. పరీక్ష కోసం కోసిన చెక్కతో కాక మామూలు కట్టెలతో పరీక్షిస్తే పరిమితి రెండున్నర గ్రాములు.

ఇక చిమ్నీ. మీ ఇంట్లో ఉన్నది ఇటుకలతో కట్టిన ఫైర్‌ప్లేసా, ఫ్యాక్టరీలో చేసిన రేకు డబ్బానా అన్నది ముందు తేలాలి. ముందువైపు రాయి అతికిస్తారు కాబట్టి చూపుకి తెలియదు. లోపల టార్చి వేసి చూడండి. ఇటుక గీతలు అచ్చువేసిన పలకలూ, వాటి అంచుల్లో రేకూ కనబడితే అది డబ్బానే. దాని గొట్టాన్ని ఆ డబ్బాకే పరీక్షించి ఇచ్చారు, స్టవ్ వేడికి కాదు. అలాంటి ఇంట్లో స్టవ్ కావాలంటే డబ్బా, గొట్టం మొత్తం పీకించి అధిక వేడికి పరీక్షించినట్టు తెలిపే యూఎల్ 103 హెచ్‌టీ ముద్ర ఉన్న కొత్త చిమ్నీ వేయించాల్సిందే. దగ్గరి దారి లేదు.

ఇటుక చిమ్నీ అయితే లెక్క చూసుకోవాలి. స్టవ్ గొట్టం సాధారణంగా 6 అంగుళాలు, అంటే 28 చదరపు అంగుళాల దారి. ఫైర్‌ప్లేస్ చిమ్నీలో ఉండే 13 అంగుళాల మట్టి పెంకు గొట్టం లోపలి కొలత 125 చదరపు అంగుళాల పైమాటే. అమెరికా అగ్ని భద్రతా సంఘం ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 211 ప్రకారం ఆ దారి స్టవ్ గొట్టానికి మూడింతలు మించకూడదు. బయటి గోడకు కట్టిన చిమ్నీ అయితే రెండింతలే. ఇక్కడ నాలుగింతలు దాటింది. ఇరుకు గొట్టంలోంచి వచ్చిన పొగ అంత పెద్ద దారిలో పడగానే నెమ్మదిస్తుంది, చల్లబడుతుంది, అందులోని ఆవిరీ తారూ గోడలకు అంటుకుంటాయి. అదే క్రియోసోట్. మొదట మసిలా రాలుతుంది, ముదిరితే నల్లటి గాజులా గట్టిపడి బ్రష్షుకు లొంగదు. ఒక రోజు నిప్పురవ్వ తగిలి చిమ్నీయే కొలిమవుతుంది.

అందుకే స్టవ్ మెడ నుంచి కప్పు మీది టోపీ దాకా 6 అంగుళాల స్టెయిన్‌లెస్ లైనర్ (చిమ్నీ లోపలి గొట్టం) ఏకంగా దించాలి. కట్టెలకు 304 లేదా 316 రకం ఉక్కు వాడాలి. అల్యూమినియం లైనర్ గ్యాస్‌కే పనికొస్తుంది. లైనర్ చుట్టూ సిరామిక్ ఫైబర్ దుప్పటి చుట్టించండి. ఇటుకకూ ఇంటి కలపకూ మధ్య ఇంటి లోపలి చిమ్నీకైతే 2 అంగుళాలు, బయటి గోడ చిమ్నీకైతే అంగుళం ఖాళీ ఉండాలి. పాత ఇళ్లలో చాలాచోట్ల అది ఉండదు, కాబట్టి దుప్పటి ఖర్చు దగ్గర వెనకాడొద్దు. లైనర్ దించేటప్పుడు ఇబ్బంది పెట్టేది డ్యాంపర్, అంటే గూటి పైన చిమ్నీ దారిని మూసే మూత. దాని నోరు నాలుగైదు అంగుళాలే ఉంటుంది. కొందరు పనివాళ్లు లైనర్‌ను సుత్తితో అణిచి దూరుస్తారు. అక్కడే అది చిరుగుతుంది, లేదా పొగకు దారి ఇరుకవుతుంది. డ్యాంపర్ చట్రాన్ని కోయించాలి, లేదా ఫ్యాక్టరీలోనే కోలగా చేసిన ముక్క తెప్పించాలి. ఆ చోట రేకు బిళ్ల బిగించి, పైన రాతి ఊలు (రాక్‌వూల్) కూరితే గది వేడి చిమ్నీలోకి పోదు. ఇంటి గోడల్లో వేసే గులాబీ రంగు ఫైబర్‌గ్లాస్ అక్కడ వాడకూడదు, దాన్ని పట్టి ఉంచే జిగురు కాలిపోతుంది.

గొట్టం ముక్కలను కలిపేటప్పుడు సన్న అంచు స్టవ్ వైపు, కిందికి ఉండాలి. చాలామందికి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. అలా ఉంటేనే కారిన తారు గొట్టం లోపలే ఉండి స్టవ్‌లో పడి కాలిపోతుంది. లేకపోతే అతుకుల్లోంచి బయటికి చారలు కడుతుంది. ప్రతి అతుక్కీ మూడు స్క్రూలు వేయాలి.

నేల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. ఫైర్‌ప్లేస్ ముందు రాతి పలక ఉందిగా, చాలదా అనుకుంటారు. స్టవ్ గూటి లోపల కాక ఆ పలక మీదికి వచ్చి కూర్చుంటుంది. తలుపు ముందు 16 అంగుళాలు, పక్కలకు 8 అంగుళాలు మండని నేల ఉండాలన్నది స్టవ్ తలుపు నుంచి కొలవాలి, గూటి నుంచి కాదు. కొలిస్తే సగం చెక్క నేల మీదికి వస్తుంది. ఒంటి పొర గొట్టానికీ చెక్కకూ మధ్య 18 అంగుళాలు ఉండాలి. ఫైర్‌ప్లేస్ పైనున్న చెక్క పలకకు స్టవ్ ఎంత దూరంలో ఉండాలన్నది ఆ స్టవ్ పుస్తకంలోనే ఉంటుంది.

మన ఇళ్ల ప్రత్యేక ఇబ్బంది వంటింటి ఎగ్జాస్ట్. తాళింపు ఘాటు పోవాలని నిమిషానికి 600, 900 ఘనపుటడుగులు లాగే హుడ్‌లు పెట్టిస్తున్నారు. చిమ్నీ లాగుడు దాని ముందు ఏ మూలకు? 400 దాటితే బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు ఉండాలన్నది అమెరికా ఇళ్ల నిర్మాణ కోడ్ చెప్పేదే. పరీక్ష తేలిక. స్టవ్ వెలిగించకముందు కిటికీలు మూసి, హుడ్‌ను పూర్తి వేగంతో నడిపి, స్టవ్ తలుపు కొద్దిగా తెరిచి అగరుబత్తి పట్టుకోండి. పొగ గది వైపు వాలితే స్టవ్, హుడ్ రెండూ ఒకేసారి నడవకూడదు. మంట పెద్దగా ఉన్నప్పటికంటే రాత్రి నిప్పులు కునికేటప్పుడు ప్రమాదం ఎక్కువ. లాగుడు తగ్గిపోతుంది, పొగవాసన ఉండదు, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం వస్తుంది. దాని అలారం పడగ్గదుల దగ్గర తప్పనిసరి.

కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. మీటరు కట్టె చివర గుచ్చితే ఎండినట్టే చూపుతుంది. చీల్చి, కొత్తగా బయటపడ్డ లోపలి ముఖం మీద గుచ్చాలి. ఓక్ అయితే చీల్చి పేర్చాక రెండు వేసవులు ఎండాలి. "ఎండిందే" అని బండిలో తెచ్చి అమ్మేవాళ్ల మాటకంటే మీటరు నమ్మదగింది.

భోగి రోజున పాత కుర్చీలూ బల్లలూ స్టవ్‌లో వేసే సరదా ఒకటుంది. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, మందు పట్టించిన డెక్ చెక్క అందులో వేయకూడదు. 2004కు ముందు అమ్మిన డెక్ చెక్కల్లో ఆర్సెనిక్, 1978కి ముందటి రంగుల్లో సీసం ఉండొచ్చు. ఆర్సెనిక్ బూడిదలోనూ మిగులుతుంది. పొగను మళ్లీ కాల్చే కెటలిస్ట్ ఉన్న స్టవ్ అయితే ఆ కెటలిస్ట్ పాడైపోతుంది. భోగికి నాలుగు ఎండిన ఓక్ కట్టెలు చాలు.

బూడిద విషయంలో నివురుగప్పిన నిప్పు అన్నది ఉత్త సామెత కాదు. కణికలు రోజుల తరబడి బతికే ఉంటాయి. మూతున్న ఇనప బకెట్‌లోకి తీసి, చెక్క డెక్‌కు దూరంగా బయట పెట్టాలి. గ్యారేజీలో కాగితం సంచీలో కాదు.

ఈ సలహా అందరికీ కాదన్న ముక్క కూడా ఆ వ్యాసంలో ఉండాల్సింది. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో 2016 నవంబరు నుంచి కొత్తగా కట్టే ఇళ్లలో కట్టెలు కాల్చే పరికరం పెట్టనివ్వరు. వాషింగ్టన్ రాష్ట్రంలో గాలి బాగోలేని రోజుల్లో రెండో దశ నిషేధం వస్తే, ఇంటికి వేరే వేడి ఆధారం ఉన్నవాళ్లు ఈపీఏ ముద్రున్న స్టవ్ కూడా వెలిగించకూడదు. ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్లలుంటే హీట్‌పంపే (బయటి గాలిలోని వేడిని కరెంటుతో లోపలికి తెచ్చే యంత్రం) మేలని మా అభిప్రాయం.

చివరగా ఒక దిద్దుబాటు. 75 శాతం సామర్థ్యమున్న స్టవ్‌లకు ఖర్చులో 30 శాతం, 2,000 డాలర్ల దాకా ఫెడరల్ పన్ను రాయితీ ఉందని ఆ వ్యాసంలో రాశారు. 2025 డిసెంబరు 31 తర్వాత బిగించినవాటికి అది లేదు. ఆ డబ్బు వస్తుందని నమ్మి ఎవరైనా స్టవ్‌కు బయానా ఇచ్చేలోపు ఈ సంగతి అచ్చు వేయగలరు.

— చిమ్నీల పని తెలిసిన ఇద్దరు పాఠకులు, కనెక్టికట్