స్టేషన్ రోడ్డు: ఎవరిని అడిగి గీశారు?

సంపాదకులకు నమస్కారం.

స్టేషన్ రోడ్డు విస్తరణ పనులు ‘స్థానికుల అడ్డంకులతో’ ఆగిపోయాయని గత వారం మీ జిల్లా పేజీలో వార్త వచ్చింది. అధికారులు చెప్పింది చెప్పినట్టు అచ్చేశారు. ఆ స్థానికులు ఎవరు, దేనికి అడ్డుపడ్డారు అన్నది ఒక్క వాక్యమైనా లేదు. రోడ్డు గతి ఊరందరూ చూస్తున్నదే కనుక ఆ పురాణం మళ్లీ విప్పను. నింద మాత్రం తప్పు చోట పడింది.

ఒక పని మొదలుపెట్టే ముందు దానితో ఎవరికి సంబంధమో, ఎవరికి నష్టమో, ఎవరి సంతకం లేకపోతే పని కదలదో రాసుకోవడం ప్రాజెక్టు నిర్వహణలో మొదటి పాఠం. అమెరికాలోని ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ తన ప్రామాణిక గ్రంథంలో 2013 నుంచి దీనికి విడిగా ఒక విభాగమే ఇచ్చింది. మన డీపీఆర్‌లో (పని పూర్తి వివరాల నివేదికలో) కూడా ‘స్టేక్‌హోల్డర్లు’, అంటే సంబంధం ఉన్నవాళ్లు, అని ఓ పేజీ ఉండే ఉంటుంది, అతికించడానికి ఎంతసేపు! జరిగింది మాత్రం టెండరు పిలిచాక ఫంక్షన్ హాల్లో ఒక సమావేశం. ఇంగ్లిష్ స్లైడ్లు, శాలువాలు, సమోసాలు. పెళ్లయ్యాక శుభలేఖలు పంచినట్టు.

ఈ సంబంధితుల జాబితా ఏసీ గదిలో తయారయ్యేది కాదు. టేపు, రిజిస్టరు పట్టుకుని ఛైనేజీ (రోడ్డు మొదలు నుంచి కొలిచిన దూరం) ప్రకారం ప్రతి పది మీటర్లకూ ఆగి, కుడి ఎడమలు రెండూ రాయాలి: ఇంటి నంబరు, యజమాని, అద్దెకున్నవారు, ఫోను, ఎంత మేర పోతుంది, ఆ మేరలో ఏముంది (మెట్లా, మీటరు బోర్డా, సెప్టిక్ ట్యాంకా, బోరా). అదీ ఒక్కసారి నడిస్తే చాలదు. తెల్లవారుజామున కూరగాయల బుట్టలు దిగే చోట పగలు ఆటోలు ఉంటాయి, రాత్రికి అక్కడే టిఫిన్ బండ్లు వెలుగుతాయి. ఒకే పది మీటర్లలో మూడు వేళలకు మూడు రకాల బతుకులు. ఉదయం పదకొండుకు జీపులో వచ్చి వెళ్లే సర్వేకు వీళ్లలో రెండు వంతుల మంది కనిపించరు. అంతకుమించి సంత రోజున తప్పనిసరిగా చూడాలి.

కనిపించని వాళ్లలో మొదటివారు అద్దెదారులు. గోడ మీద ఎర్ర రంగు గీత పడితే యజమానికి టీడీఆర్ బాండో (పోయిన స్థలానికి బదులు ఇచ్చే నిర్మాణ హక్కు పత్రం) పరిహారమో ఉంటుంది. ముప్పై ఏళ్లుగా అదే గదిలో వాచీలు బాగుచేసేవాడికి ఏముంది? 2013 భూసేకరణ చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ పనిచేస్తూ, ప్రధాన జీవనాధారం దెబ్బతినే కౌలుదార్లు, కూలీలు, చేతివృత్తులవారు కూడా బాధిత కుటుంబాలే. అందుకేనేమో, ఆ చట్టం దారిలో కాకుండా ‘ఒప్పందం’ దారిలో వెళ్లడం మనవాళ్లకు ఇష్టం. భూములు నేరుగా కొనడానికి తెలంగాణ ప్రభుత్వం 2015లో తెచ్చిన జీవో 123 ఏమైందో గుర్తుందా? జహీరాబాద్ నిమ్జ్ (పెద్ద పారిశ్రామిక మండలి) ప్రాంతపు వ్యవసాయ కూలీలు కోర్టుకెళ్తే 2016 ఆగస్టులో హైకోర్టు కొట్టేసింది. భూమి లేనివాళ్లను లెక్కలోకి తీసుకోకపోవడమే అక్కడ మెలిక. తర్వాత కూలీల కోసం విడిగా జీవో ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఇంత జరిగాక కూడా పట్టణాల్లో అదే పాత పద్ధతి.

తోపుడు బండ్ల సంగతి మరీ అన్యాయం. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తికాకుండా ఎవరినీ తొలగించకూడదు, తరలించాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు ఆ వ్యాపారులే, వాళ్లలో మూడో వంతు మహిళలు. స్టేషన్ రోడ్డు డిజైన్ ఆ కమిటీ ముందుకు ఎప్పుడు వచ్చిందో తీర్మానం నంబరుతో చెప్పగలరా? జేసీబీ ముందు నిలబడ్డ ఆడవాళ్లను మీ పేజీలో ‘అడ్డంకి’ అన్నారు. చట్టం వాళ్లకు కమిటీలో కుర్చీ ఇచ్చింది.

ఇక జనాన్ని పక్కన పెట్టండి, సర్కారు శాఖల మాటేమిటి? ఆగిన పనిలో సగం ఇక్కడే ఆగుతుంది. స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు జరపాలంటే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) అంచనా వేయాలి, ఆ సొమ్ము ముందే కట్టాలి, తర్వాత లైన్ క్లియర్ (కరెంటు ఆపి పనికిచ్చే అనుమతి) దొరికిన రోజునే పని. ఆ ఖర్చు డీపీఆర్‌లో లేకపోతే సవరించిన అంచనా, మళ్లీ పాలనా అనుమతి, ఫైలు హైదరాబాద్ ప్రయాణం. ఈలోగా కాంట్రాక్టరు యంత్రాలు ఖాళీగా ఉన్నాయని క్లెయిమ్ పెడతాడు. చెట్లు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి. తాగునీటి పైపు ఎంత లోతులో ఉందో నిజంగా తెలిసినవాడు వాల్వులు తిప్పే లైన్‌మన్ ఒక్కడే, అతన్ని ఏ సమావేశానికీ పిలవరు. మురుగు, నీరు, కేబుళ్లు అన్నీ భూమిలోకి వెళ్లాక తారు వేయాలని ఎవరికి తెలియదు? అయినా ప్రతిసారీ తారు వేసిన నెలకే ఎవడో ఒకడు తవ్వుతాడు.

మురుగు కాలువ లెవల్ గురించి రెండు మాటలు. లెవల్స్ (నేల ఎత్తు కొలతలు) రోడ్డు మధ్య గీత వెంబడి మాత్రమే తీసుకుని, గడపల దగ్గర తీసుకోకపోతే కాలువ స్లాబు దుకాణం గచ్చు కన్నా ఎత్తుకు వస్తుంది. ఇళ్ల నుంచి వచ్చే పైపు కాలువ అడుగు కన్నా కిందికి పోతుంది. వానాకాలంలో నీళ్లు కాలువలోకి వెళ్లవు, ఇంట్లోకి వెళతాయి. గడప గడపకూ వెళ్లి అడిగి ఉంటే మేస్త్రీ అయినా చెప్పేవాడు. ఇప్పుడు ఆ వరుసలో వాళ్లు పని ఆపమన్నది ఇందుకే.

పేర్లు రాసుకున్నాక ఎవరికి పని ఆపే శక్తి ఉంది, ఎవరికి ఆసక్తి ఉందని నాలుగు గళ్లు గీసి పెట్టడం మామూలే. మన దగ్గర శక్తి గడి నిండా ఎమ్మెల్యే, కౌన్సిలర్లే. శక్తి లేదు, నష్టం మాత్రం ఉంది అనే గడి ఖాళీ. ఆ గడిలోని వాళ్లే రేపు స్టే తెస్తారు. అందుకే ఒక్కొక్కరి ఎదుట ఈరోజు వైఖరి ఏమిటో (తెలియదు, వ్యతిరేకం, తటస్థం, అనుకూలం), ఎక్కడికి తేవాలో రాసుకుని, ఎవరు ఎప్పుడు మాట్లాడాలో తేదీ వేయాలి. తెలుగులో కరపత్రం, నక్ష ఉన్న బోర్డు, ఎత్తే ఫోన్ నంబరు ఒకటి, ఏడు రోజుల్లో రాతపూర్వక జవాబు. ఇందులో కోట్లు ఖర్చయ్యేది ఏదీ లేదు.

కానీ కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చిన అర్జీ తిరిగి అదే ఆఫీసుకు ‘తగు చర్య నిమిత్తం’ వచ్చి, ‘పరిష్కరించబడినది’ అని మూతపడే చోట ఇవన్నీ ఎవరికి పట్టాయి! ఒకప్పుడు అసిస్టెంట్ ఇంజినీరు స్వయంగా కొలత గొలుసు (చెయిన్) పట్టేవాడు. ఇప్పుడు ఉపగ్రహ చిత్రం మీద గీసిన గీతనే నేల మీదకు దించుతున్నారు. పూల బొకేలతో ఫ్లెక్సీలు కట్టడంలో మాత్రం లోటు లేదు.

రెండో దశ, బస్టాండు నుంచి గంజ్ వరకు, ఇంకా టెండరు దాకా రాలేదు. ఆ డీపీఆర్ ఖరారయ్యే లోపు ఛైనేజీ వారీ జాబితా, గడప లెవల్స్, డిస్కం అంచనా, వెండింగ్ కమిటీ తీర్మానం మున్సిపల్ ఆఫీసు నోటీసు బోర్డులో పెట్టించండి. అలా బయటపెట్టడం సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం వాళ్ల బాధ్యతే. పెట్టకపోతే పది రూపాయల దరఖాస్తు ఎలాగూ ఉంది. ఈసారి మీ విలేకరిని ఆ కాగితాలు అడిగాకే వార్త రాయమనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంజినీరు, స్టేషన్ రోడ్డు