ఎంసీబీలు దించినా ఆర్‌సీసీబీ పడిపోతుంటే

అన్నలూ, ఓ ఇంట్లో సరఫరా పదేపదే పడిపోతోందని నిన్న నేను అడిగిన ట్రిప్పింగ్ సంగతి తేలింది. మోటారు వేయగానే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరా ఆపే స్విచ్) పడిపోయేది. మోటారుదే తప్పనుకుని దాని వైరు విప్పి చూశా, బాగానే ఉంది. ఆర్‌సీసీబీ మార్చినా అంతే. ఓనరుకు ఆ ఖర్చు దండగ, నాకు మాట పడటం.

చివరికి మెయిన్ ఆపి, న్యూట్రల్ లింకు (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ) నుంచి వైర్లన్నీ విప్పి, ఒక్కోదాన్నీ ఎర్త్‌తో 500 వోల్టుల మెగ్గర్ (వైరు ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూశా. హాలు న్యూట్రల్ దగ్గర ముల్లు సున్నా మీదే, అంటే అది ఎర్త్‌కు తగులుతోంది! టీవీ బోర్డు ఇనుప బాక్సులో స్క్రూ కింద నల్ల వైరు నలిగి, రాగి బాక్సుకు తగులుతోంది. సింగిల్ పోల్ ఎంసీబీ (ఒక్కో లైనుకుండే బ్రేకర్ స్విచ్) ఫేజునే కోస్తుంది, న్యూట్రల్‌ను కోయదు కదా, అందుకే హాలు ఎంసీబీ దించినా ఫలితం లేదు. మోటారు లోడు పడగానే న్యూట్రల్ కరెంటు కొంత ఎర్త్‌లోకి జారుకునేది. టెస్టర్‌తో ఇది దొరకదు.

మెగ్గర్ తిప్పేముందు టీవీ, ఎల్ఈడీలు, బీఎల్‌డీసీ ఫ్యాన్లు (లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉండేవి) విప్పడం మరవకండి. 1 మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) కంటే తక్కువ చూపిస్తే ఆ లైను వదలొద్దు.

ఇన్వర్టర్ న్యూట్రల్ మెయిన్ న్యూట్రల్‌తో కలిసిపోయిన కేసు ఎవరికైనా తగిలిందా? రేపు అలాంటి ఇంటికే వెళ్తున్నా.