యూరియా కొనే ముందు వేరు చూడు

ప్రియమైన శీనూ,

నీ ఉత్తరం అందింది. ఆదిలాబాద్ చేలో ఈ వానాకాలం పత్తి బదులు సోయా వేస్తున్నావని చదివి భలే సంతోషమేసింది. కానీ ఎకరాకు రెండు బస్తాల యూరియా అని లెక్క రాశావే, అది చూశాక ఉండబట్టలేక ఇవాళే రాస్తున్నా.

యూరియాతో మనం వేసేది నత్రజనే కదా. సోయాకు కావలసిన నత్రజనిలో సగం, ఒక్కోసారి అంతకు మించి, గాలిలోంచే వస్తుంది. బ్రాడీరైజోబియం అనే బ్యాక్టీరియా వేర్ల బుడిపెల్లో ఉండి, మొక్క పెట్టే చక్కెర తింటూ, గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి ఇస్తుంది. కంది, పెసర మన నేలకు పాత చుట్టాలు, వాటి బ్యాక్టీరియా ఇక్కడ ఎప్పటినుంచో ఉంది. సోయా పుట్టిల్లు చైనా వైపు. నీ రేగడిలో ఆ పంట ఎప్పుడూ వేయలేదు కదా, దానికి తగిన బ్యాక్టీరియాను విత్తనంతో పాటు మనమే పంపాలి. ఆ బ్యాక్టీరియా ఉన్న ప్యాకెట్‌ను కల్చర్ అంటారు. కొనేటప్పుడు సోయా కోసం చేసిన కల్చరే అడుగు, వేరుశనగది పనికిరాదు.

పది కిలోల విత్తనానికి 200 గ్రాముల ప్యాకెట్ సరిపోతుంది. బెల్లం నీళ్లు మరిగించి పూర్తిగా చల్లారనిచ్చి, అందులో కల్చర్ కలిపి గింజలకు పట్టించు. గట్టిగా రుద్దకు, సోయా గింజ పైపొర పలచన, ఇట్టే లేచిపోతుంది. తెగులు మందు పట్టించేది ఉంటే ముందే పట్టించి ఆరనివ్వు, కల్చర్ ఆఖర్న. నీడలోనే ఆరబెట్టి ఆ రోజే విత్తెయ్. ఎండ తగిలితే బ్యాక్టీరియా చస్తుంది, పడ్డ కష్టమంతా వృథా.

ఇది చిన్నాచితకా రైతుల మాట అనుకోకు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సోయా పండించే బ్రెజిల్లో ఆ పంటకు నత్రజని ఎరువు దాదాపు వేయరు. జోహన్నా డోబెరైనర్ అనే శాస్త్రవేత్త అక్కడ ఈ దారికి పునాది వేసింది. ఆ పని కొనసాగించిన మరియాంజెలా హుంగ్రియాకు 2025లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఏళ్లుగా సోయా వేస్తున్న చేలల్లో కూడా ఏటా కల్చర్ పట్టించమంటుందామె.

విత్తేటప్పుడు ఎకరాకు ఒక బస్తా డీఏపీ ఎరువు వెయ్యి. అందులోనే తొమ్మిది కిలోల నత్రజని ఉంది, లేత మొక్కకు అది చాలు. అందులోని భాస్వరం బుడిపెలకూ మంచిది. యూరియా దండిగా దొరికితే మొక్క బుడిపెలు కట్టడమే తగ్గించేస్తుంది.

పూత మొదలవగానే నాలుగైదు చోట్ల మొక్కల్ని పారతో మట్టిపెళ్లతో సహా లేపు. గుంజితే బుడిపెలు నేలలోనే రాలిపోతాయి. వేళ్లు నీళ్లలో కడిగి ఒక బుడిపెను గోటితో చీల్చు. లోపల ఎర్రగానో గులాబీగానో ఉంటే నత్రజని తయారవుతున్నట్టే. తెల్లగా, ఆకుపచ్చగా ఉంటేనో, అసలు బుడిపెలే లేకపోతేనో, అప్పుడు యూరియా సంగతి మాట్లాడుకుందాం. ఫొటో తీసి పంపు, ఏ రాత్రయినా సరే.

ప్యాకెట్ మీద గడువు తేదీ చూడటం మర్చిపోకు. వదినను అడిగానని చెప్పు.

నీ
రాజు