రీగల్ అంటే రాయల్ కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం. పేపర్లలో ఇంగ్లిష్ నేర్పే కాలమ్స్‌లో రీగల్ అంటే రాయల్, అంటే రాజరికమైన అని ఒక్క ముక్కలో తేల్చేసి పక్క పదానికి వెళ్లిపోతున్నారు, కాంపిటీటివ్ ఎగ్జామ్స్ రాసే పిల్లలు అదే బట్టీ పట్టేస్తున్నారు.

అసలు రాజరికం అంటే రాజుల పాలన కదా, రీగల్‌కి దాంతో పనేంటి? రీగల్ అనేది మనిషి తీరుకి సంబంధించింది, నడక, చూపు, నిలబడే పద్ధతి, మాట్లాడేటప్పుడు తొందరపడకపోవడం, ఇవన్నీ. దానికి మనకి రాజసం అని ఎంత మంచి మాట ఉందో! రాయల్ అయితే రాచ. రాచకుటుంబం, రాచముద్ర అంటాం చూడండి, అలా రాజుతో ఉండే సంబంధం చెప్తుంది అంతే. 2023 మే 6న వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో పట్టాభిషేకం జరిగిన బ్రిటన్ రాజు మూడో చార్లెస్ గారి ఇంటివాళ్లని రాయల్ ఫ్యామిలీ అంటారు గానీ రీగల్ ఫ్యామిలీ అనరు. 1660లో మొదలైన సైంటిస్టుల సంఘం కూడా రాయల్ సొసైటీయే. యువరాజు ఒళ్లు విరుచుకుంటూ ఆవులిస్తున్నా రాయలే, కానీ అప్పుడు రీగల్ అనలేం, అదే ఏ కిరీటమూ లేని ఒక ముసలావిడ తలెత్తి నడిచొస్తుంటే రీగల్ అని రాయొచ్చు.

రెండిటి మూలం ఒకటేగా అంటారేమో. నిజమే, రెండూ లాటిన్ రీగాలిస్ నుంచి వచ్చినవే, రాయల్ ఫ్రెంచ్ వాళ్ల నోట్లో నలిగి ఆ రూపానికొచ్చింది (మన రాజు కూడా వీటికి దూరపు చుట్టమే, అది వేరే కథ). లీగల్, లాయల్ కూడా ఇలాంటి జంటే, మరి లీగల్ అడ్వైజర్‌ని లాయల్ అడ్వైజర్ అని అచ్చేస్తారా?

కొండలకీ జలపాతాలకీ మెజెస్టిక్ బాగుంటుంది, రీగల్ ఎక్కువగా మనుషులకి, మహా అయితే సింహానికి. యాడ్స్‌లో సోఫాలకి కూడా తగిలిస్తున్నారు, పూర్తిగా తప్పనలేం గానీ నాకైతే నవ్వొస్తుంది. ఇంకోటి, రెగల్ అని అచ్చేస్తున్నారు, అది రీగల్, దీర్ఘం ఉంది. రిగేల్ అనే క్రియ వేరే ఉంది, దానికి కబుర్లతో అలరించడం అని అర్థం, ఈ రెండిటినీ కలిపేయకండి.

మీ కాలమ్‌లో పదాల మధ్య ఈక్వల్ గుర్తు పెట్టడం మానేసి ఒక్కోదానికి ఒక వాక్యం ఇప్పించండి సార్, కావాలంటే రోజుకి ఐదు పదాలు తగ్గించినా పర్లేదు.

– ఒక పాఠకురాలు