ఆధారాల వేటకు పిటిషన్ సాధనం కారాదు

సంపాదకులకు,

వాటాదారుల మధ్య తగవు వచ్చినప్పుడు, చేతిలో ఆధారమేమీ లేకుండానే పిటిషన్ వేసి, విచారణ పేరుతో అవతలి పక్షం లెక్కలు, బోర్డు తీర్మానాలు రాబట్టాలని చూడడం న్యాయ ప్రక్రియను దుర్వినియోగం చేయడమే. 2013 కంపెనీల చట్టం 213వ సెక్షన్ ప్రకారం, వాటా మూలధనం ఉన్న కంపెనీపై దర్యాప్తు కోరే సభ్యులు కనీసం 100 మంది ఉండాలి, లేదా వారికి మొత్తం ఓటు హక్కులో పదో వంతైనా ఉండాలి. దర్యాప్తుకు తగిన కారణాలున్నాయని చూపే ఆధారాలనూ వారే సమర్పించాలి.

1966లో బేరియం కెమికల్స్ అనే కంపెనీ కేసులో సుప్రీంకోర్టు, ఆ కంపెనీపై అప్పటి ప్రభుత్వ సంస్థ కంపెనీ లా బోర్డు ఇచ్చిన దర్యాప్తు ఉత్తర్వును మెజారిటీ తీర్పుతో కొట్టివేసింది. మోసాన్ని సూచించే పరిస్థితులు ముందే ఉండాలని, వాటిని ఎవరైనా ప్రశ్నిస్తే ప్రాథమికంగానైనా రుజువు చేయాలని, కేవలం ఆధారాలు వెతకడానికి దర్యాప్తు వేసే స్వేచ్ఛ లేదని జస్టిస్ హిదాయతుల్లా అందులో వివరించారు. దాదాపు ఆరు దశాబ్దాల తర్వాత కూడా ఆ మాటలు నాకు అంతే సమంజసంగా తోస్తున్నాయి.

పత్రాలన్నీ యాజమాన్యం గుప్పిట్లోనే ఉంటే చిన్న వాటాదారుడు ఆధారం ఎక్కడి నుంచి తేగలడన్న ప్రశ్న న్యాయమైనదే. వాణిజ్య కోర్టుల్లో, 2015 చట్టం తెచ్చిన మార్పుల వల్ల, తమకు ప్రతికూలమైన పత్రాలను సైతం ఇరుపక్షాలూ వెల్లడించాలి. కంపెనీల వివాదాలను విచారించే కంపెనీ లా ట్రిబ్యునల్‌లోనూ, ప్రాథమిక ఆధారం చూపిన పిటిషనర్లకు, వివాదాంశానికి సంబంధించిన పత్రాల వరకే అటువంటి నియమాన్ని వర్తింపజేయాలని కేంద్రాన్ని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హైదరాబాద్