పసికందుల షుగర్‌పై ఆ వార్త సరిదిద్దండి

సంపాదకుడు గారికి,

పోయిన వారం జిల్లా పేజీలో పుట్టిన బిడ్డల షుగర్ గురించి వచ్చిన వార్తకు సవరణ వేస్తారని రోజూ చూస్తున్నాను. ఇంతవరకు లేదు. గర్భిణుల్లో షుగర్ పెరుగుతోంది కాబట్టి షుగర్‌తో పుట్టే పిల్లలూ పెరుగుతున్నారని రాశారు. అధికారి ఒకరు అవునన్నారట. ఇది తప్పు, పైగా ప్రమాదం.

షుగర్ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు మొదటి గంటల్లో షుగర్ పడిపోతుంది, పెరగదు. కడుపులో ఉండగా తల్లి నుంచి గ్లూకోజు ఎక్కువగా అందడంతో బిడ్డ క్లోమం ఇన్సులిన్ ఎక్కువగా తయారుచేయడం అలవాటు చేసుకుంటుంది. బొడ్డు కోయగానే గ్లూకోజు ఆగుతుంది, ఇన్సులిన్ ఆగదు. అందుకే గంటలోపే తల్లిపాలు పట్టించి, మడమ దగ్గర చుక్క రక్తం తీసి మొదటి రెండు మూడు రోజులు పదేపదే చూడాలి. షుగర్ రీడింగు 40 కంటే తగ్గితే ఫిట్స్ రావచ్చు, మెదడు దెబ్బతినొచ్చు. మీ వార్త చదివిన ఇంట్లో పెద్దవాళ్లు 'బిడ్డకు షుగరట, పాలు తగ్గించండి' అంటే దానికి బాధ్యులెవరు?

పసికందులకు నిజంగా వచ్చే మధుమేహం వేరే జబ్బు. ఆరు నెలలలోపు బయటపడుతుంది. సుమారు లక్ష కాన్పులకు ఒకటి. మన రెండు రాష్ట్రాల్లో ఏటా పుట్టేవారు పది లక్షల పైమాటే కాబట్టి ఏడాదికి పదీ పదిహేను మంది ఉంటారనుకోవచ్చు. కారణం ఎక్కువగా ఏదో ఒక జన్యువులో లోపం. చాలామందిలో అది బిడ్డలోనే కొత్తగా వస్తుంది, తల్లిదండ్రులిద్దరికీ ఉండదు. తల్లి తిన్న మామిడిపళ్లకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. మేనరికాల్లో మాత్రం ఇద్దరి నుంచీ లోపం చేరే రకాలు ఎక్కువ కనిపిస్తాయి.

బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం, పాలు తాగుతున్నా పెరగకపోవడం, గుడ్డలు ఊరికే తడిసిపోవడం, ఆయాసం దీని గుర్తులు. ఆయాసాన్ని చూసి న్యుమోనియా అనుకుని మందులు వాడుతూ రోజులు గడిపేస్తారు. అలాగని ఒక్క రీడింగుతో మధుమేహమని తేల్చకూడదు. నెలలు నిండని బిడ్డకు గ్లూకోజు ఎక్కిస్తున్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా షుగర్ పెరిగి, మళ్లీ తగ్గుతుంది. పెద్దలకు చేసే మూడు నెలల షుగర్ సగటు పరీక్ష (హెచ్‌బీఏ1సీ) ఇక్కడ పనికిరాదు. పసిబిడ్డ రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఎక్కువ భాగం గర్భంలో ఉండగా తయారైన వేరే రకమే.

ఇన్సులిన్ దగ్గర ఇంకో చిక్కు. మన దగ్గర సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటాయి. రెండున్నర కిలోల బిడ్డకు ఒక్కోసారి అర యూనిట్ చాలు. సిరంజి మీద గీత ఒక యూనిట్. అందుకే డాక్టర్లు ఒక మిల్లీలీటరుకు మూడు మిల్లీలీటర్ల ద్రావణం కలిపి పలచన చేస్తారు, అప్పుడు గీతకు పావు యూనిట్ వస్తుంది. మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే మందును ఈ 40 యూనిట్ల సిరంజిలోకి గీతల లెక్కన తీస్తే మాత్రం రెండున్నర రెట్లు వెళ్లిపోతుంది.

అసలు చాలామందికి ఆ సూదే అక్కర్లేదు. కేసీఎన్‌జే11 అనే జన్యువులో లోపం ఉంటే ఈ జబ్బు వస్తుందని 2004లో తేలింది. ఆ లోపం ఉన్నవారిలో ఎక్కువమంది ఇన్సులిన్ మానేసి గ్లిబెన్‌క్లమైడ్ మాత్రతో ఉండొచ్చని 2006కే రుజువైంది. కొందరికి జబ్బు నెలల్లోనే తగ్గిపోతుంది, యుక్తవయసులో తిరిగి రావచ్చు. ఏ రకమో చెప్పేది జన్యు పరీక్షే. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రిసెర్చ్ ఫౌండేషన్‌లో ఆ పరీక్ష ఉంది.

మన ఆరోగ్యశాఖ నవంబరు 14న ప్రపంచ మధుమేహ దినమని ర్యాలీలు తీయిస్తుంది, బ్యానర్లు కట్టిస్తుంది. కాన్పుల గదిలో గ్లూకోమీటరు స్ట్రిప్పులు ఉన్నాయా అని అడిగే నాథుడు లేడు. రెండో నెలలో షుగర్ మొదలైన బిడ్డను జీవితాంతం ఇన్సులిన్ కావాల్సిన టైప్-1 మధుమేహమని రాసేసి ఏళ్ల తరబడి సూదులు పొడిపిస్తున్నారు. ఆరోగ్యశాఖ వారూ, జబ్బు ఏ వయసులో మొదలైందో కేసు షీటులో రాయించండి, ఆరు నెలలలోపైతే జన్యు పరీక్షకు పంపించండి. సంపాదకుడు గారూ, మీరు సవరణను అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి.

— ఒక పాఠకుడు, గుంటూరు